ఏజినా రేవులో ఇరవై యూరోల నోటు

ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో పెద్ద ఓడ ఎక్కితే గంటా పావుకు ఏజినా దీవిలో దిగుతాం. గ్రీకులు ఆ పేరును ‘ఎయినా’ అని పలుకుతారు. రేవు గట్టు మీద సున్నం కొట్టిన చిన్న గుడి ఉంటుంది. నావికుల్ని కాపాడే సెయింట్ నికొలాస్ గుడి అది. గట్టు దాటి రోడ్డు మీదికి రాగానే పిస్తా పప్పు అమ్మే బడ్డీలు కనిపిస్తాయి. ఏజినా పిస్తాకు గ్రీసంతటా పేరుంది. ఒక బడ్డీ ముందు ఆగి పొట్లం తీసుకుని కార్డు చూపించాను. లోపలున్న పెద్దావిడ తన చేతిలోని కార్డు మిషన్ కేసి చూసి, గ్రీకుల పద్ధతిలో గడ్డం పైకెత్తి, సిగ్నల్ లేదన్నట్టు సైగ చేసి, ‘మెత్రితా’ అంది. రొక్కం కావాలని. ఆ మాటకు అసలర్థం ‘లెక్కపెట్టినవి’ అని. వేలు చాచి రోడ్డుకు అవతల గోడలో ఉన్న ఏటీఎం చూపించింది.

ఆ గోడ దగ్గర నేను గడిపింది రెండు నిమిషాలు కూడా ఉండదు. కానీ ఆ రెండు నిమిషాల్లో నా వేళ్ల కింద ఎంత పనితనం ఉందో తర్వాత రేవు మెట్ల మీద కూర్చుని నోటును తిప్పి తిప్పి చూస్తుంటే తెలిసింది. అంతకుముందు రోజు ఏథెన్స్‌లో నాణేల మ్యూజియం చూసి వచ్చాను. ట్రాయ్ తవ్వకాలు జరిపించిన హైన్రిక్ ష్లీమన్ కట్టించుకున్న భవనంలో ఉంటుందది. అక్కడి అద్దాల పెట్టెలో చూసిన ఒక వెండి తాబేలు ఈ నోటుతో పాటు ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఆ తాబేలు ఈ దీవిదే.

ముందు మిషన్ సంగతి. తెర మీద కనిపించే గ్రీకు మాట ‘అనాలిప్సి’. ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం. గ్రీకులో ఇదే మాటకు క్రీస్తు స్వర్గారోహణం అనే అర్థం కూడా ఉంది. పైకి తీసుకోవడం అనే భావం రెంటికీ మూలం. ఇంగ్లీషు ఎంచుకున్నాక కార్డు వెయ్యమంది, పిన్ అడిగింది. మెట్లలా అమర్చిన ఉక్కు మీటలు. మధ్యలో 5 అంకె మీద గోటికి తగిలేంత బొడిపె ఉంటుంది. చూపు లేనివాళ్లు ఆ ఒక్క బొడిపెను పట్టుకుని మిగతా తొమ్మిది అంకెల్నీ లెక్కగట్టుకుంటారు. పచ్చమీట, పసుపుమీట, ఎర్రమీట ఒక వరసలో ఉంటాయి. మనం నొక్కిన నాలుగు అంకెలు ఆ మీటల పలక లోపలే రహస్య లిపిలోకి మారిపోతాయి. మిషన్‌ను నడిపే కంప్యూటర్‌కి కూడా అసలు అంకెలు తెలియవు. ఎవరైనా ఆ పలకను విప్పడానికి ప్రయత్నిస్తే లోపలి తాళపు అంకెలన్నీ వాటంతటవే చెరిగిపోతాయి. ఇంత జాగ్రత్త అరచేయంత పలకలో ఇమిడిపోయి, పైకి మాత్రం మామూలు మీటల్లా కనిపించడమే దాని గొప్ప.

పిన్ నాలుగు అంకెలే ఎందుకైందో చెప్పే కథ ఒకటుంది, అందులో మన దేశం వాసన ఉంది. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు గోడలో పెట్టిన మొదటి నగదు మిషన్ వెనక ఉన్న జాన్ షెపర్డ్-బారన్ 1925లో షిల్లాంగ్‌లో పుట్టాడు. తన సైనిక సంఖ్యలో ఆరు అంకెలుండేవి కాబట్టి ఆరు పెడదామనుకున్నాడట. వంటగది బల్ల దగ్గర భార్య కరోలిన్‌ను అడిగితే తనకు నాలుగే గుర్తుంటాయంది. ఆ మాటను ఆయన శాసనంగా తీసుకున్నాడు. మనిషి జ్ఞాపకానికి సరిపడే కొలత ఎంతో ఇంట్లోనే కనుక్కున్న ఆ వినయం నాకు చాలా నచ్చుతుంది. అయితే ఈ ఘనత ఆయనొక్కడిదే కాదు. రహస్య సంఖ్యతో నడిచే పద్ధతికి స్కాట్లండ్ ఇంజినీరు జేమ్స్ గుడ్‌ఫెలో 1966లోనే పేటెంట్ అడిగాడు.

ఎంత కావాలని అడిగిన తెర దగ్గర నేను 80 నొక్కాను. దీంట్లో చిన్న లెక్క ఉంది. గ్రీసులో ఏటీఎంలు ఎక్కువగా 20, 50 నోట్లే ఇస్తాయి. ఆ రెండింటితో 10 రాదు, 30 రాదు. 40 నుంచి పైకి పదుల లెక్కన ఏదైనా వస్తుంది. 70 అంటే ఒక యాభై, ఒక ఇరవై. 90 అంటే యాభై, రెండు ఇరవైలు. 80 అడిగితే మాత్రం మిషన్‌కి వేరే దారి లేదు, నాలుగు ఇరవైలు ఇచ్చి తీరాలి. బడ్డీల్లో యాభై నోటు ఇచ్చి చిల్లర అడగడం ఇబ్బంది కాబట్టి దీవుల్లో తిరిగేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఈ లెక్క గ్రీకులకు మరోలా గుర్తుంది. 2015 జూన్ ఆఖర్లో అప్పుల సంక్షోభం ముదిరి బ్యాంకులు మూతపడ్డాయి. మూడు వారాల పాటు తలుపులు తెరవలేదు. రోజుకు కార్డుకు 60 యూరోలే తీసుకోవాలని పరిమితి పెట్టారు. అరవై అంటే మూడు ఇరవైలు. ఊరూరా అందరూ మూడేసి ఇరవైలు లాగేసరికి మిషన్లలో ఇరవైల నోట్లు అయిపోయాయి. మిగిలినవి యాభైలు. దాంతో చట్టం 60 అన్నా చాలాచోట్ల జనం చేతికొచ్చింది 50 మాత్రమే. విదేశీ కార్డులకు ఆ పరిమితి లేదు. కాబట్టి ఆ వేసవిలో దీవికొచ్చిన యాత్రికుడు అడిగినంత తీసుకున్నాడు, వెనక నిలబడ్డ దీవివాసి యాభై తీసుకుని వెళ్లాడు. ఇరవై నోటు విలువ అంకెలో కాదు, విడగొట్టుకోగలగడంలో ఉందని ఆ రోజులు నేర్పాయి. ఆ పరిమితుల ఆఖరి ముక్క 2019 సెప్టెంబరు 1న తొలగింది.

80 నొక్కాక ఇంకో తెర వచ్చింది. ‘మీ ఖాతాకు రూపాయల్లోనే లెక్కకట్టమంటారా?’ అని. ఒప్పుకుంటే మారకం రేటును మిషన్ వైపు వాళ్లే నిర్ణయిస్తారు, అందులో వాళ్ల లాభం కలుస్తుంది. వద్దని నొక్కితే యూరోల్లోనే లెక్క పడి మన బ్యాంకు, కార్డు సంస్థ రేటు వర్తిస్తుంది. దాదాపు ఎప్పుడూ రెండోదే మేలు. వద్దన్నంత మాత్రాన డబ్బు ఆగదు. ఈ మొత్తం పనితనంలో నాకు నచ్చని తెర ఇదొక్కటే. మిగతా ప్రతి తెరా మనిషి తప్పు చెయ్యకుండా చూస్తుంది. ఇది మాత్రం తప్పు చేస్తాడేమోనని చూస్తుంది.

తర్వాత కొన్ని సెకన్ల నిశ్శబ్దం. కార్డు సంఖ్యలోని మొదటి అంకెల్ని బట్టి అది ఏ బ్యాంకు కార్డో తెలుస్తుంది. అడిగిన మాట ఈ మిషన్ బ్యాంకు నుంచి కార్డు సంస్థకు, అక్కడి నుంచి నా బ్యాంకుకు వెళ్తుంది. అక్కడ పిన్ సరిచూసి, నిల్వ చూసి, రోజు పరిమితి చూసి, సరేనన్న మాట అదే దారిన తిరిగి రావాలి. ఏజినాలో మధ్యాహ్నం పన్నెండు, హైదరాబాదులో రెండున్నర. భోజనం చేసి కూర్చున్న మా ఇంటివాళ్ల ఫోనుకు మెసేజ్ వచ్చింది, నా చేతికి నోట్లు రాకముందే.

అప్పుడు లోపల గరగరమని మొదలైంది. ఈ చప్పుడు ఎన్నిసార్లు విన్నామో. కానీ లోపల జరిగేది ఎంత నాజూకైన పనో తలుచుకోం. ఉక్కు పెట్టెలో సాధారణంగా నాలుగు క్యాసెట్లుంటాయి. ఒక్కోదాంట్లో రెండు వేలకు పైగా నోట్లు పడతాయి. వెనక నుంచి ఒక పలక కట్టను ముందుకు నొక్కుతూ ఉంటుంది. ముందున్న నోటును, ఆ ఒక్కదాన్నే, కట్ట నుంచి విడదీయాలి. కొన్ని మిషన్లు రబ్బరు చక్రాల రాపిడితో లాగుతాయి. ఇంకొన్ని గాలిని పీల్చే చిన్న రబ్బరు గిన్నెలతో నోటును అతికించుకుని ఎత్తుతాయి. నోటు మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. వేళ్లకు ఉమ్మి తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టే పాత క్యాషియర్లకు తెలుసు, కొత్త నోట్లు ఒకదాన్నొకటి ఎలా కరుచుకుంటాయో. ఇక్కడ పైగా సముద్రపు తేమ.

విడదీసిన నోటు దారిలో మందం కొలిచే చక్రాల మధ్య నుంచి వెళ్తుంది. రెండు నోట్లు అంటుకుని వచ్చాయనుకోండి, మిషన్ వాటిని విడదీయడానికి పూనుకోదు. రెంటినీ పక్కనున్న తిరస్కార పెట్టెలోకి తోసేసి కొత్తగా మరొకటి తీస్తుంది. అనుమానం వచ్చిన చోట తెలివి ప్రదర్శించకుండా పక్కన పెట్టెయ్యడం గొప్ప పనివాళ్ల లక్షణం. మంచి కంసాలి కూడా అంతే, అతుకు మీద అనుమానమొస్తే సర్దడు, కరిగించి మళ్లీ పోస్తాడు.

నోట్లు పేర్చి పట్టుకుని మిషన్ ఇంకా తలుపు తియ్యలేదు. ముందు కార్డు బయటికొచ్చింది. అది తీసుకున్నాకే నోట్ల తలుపు తెరుచుకుంది. ఒకప్పటి మిషన్లు ముందు డబ్బిచ్చేవి. డబ్బు కోసం వచ్చిన మనిషి డబ్బు అందగానే పని అయిపోయిందనుకుని కార్డు మరిచి వెళ్లిపోయేవాడు. వరస మార్చారు, అంతే. ఒక్క పనిముట్టు కొత్తగా చేర్చకుండా, రెండు పనుల క్రమం మార్చి ఎన్ని లక్షల కార్డుల్ని కాపాడారో. ఇక నోట్లను కొంతసేపు ఎవరూ తీసుకోకపోతే మిషన్ వాటిని వెనక్కి లాక్కుని విడిగా దాచిపెడుతుంది.

నాలుగు నోట్లు. రేవు మెట్ల మీద కూర్చున్నాను.

20 యూరోల నోటు 133 మిల్లీమీటర్ల పొడవు, 72 వెడల్పు. నీలిరంగు. దీని తమ్ముడు 10 అంతకన్నా చిన్నది, ఎరుపు. అన్న 50 పెద్దది, నారింజ. వరసగా ఉన్న ఏ రెండు నోట్లూ దగ్గరి రంగులో ఉండవు, ఒకే కొలతలో ఉండవు. చూపు మందగించినవాళ్లకు రంగు, చూపే లేనివాళ్లకు కొలత. అంచుల్లో కుడి ఎడమల చిన్న చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. బొటనవేలితో అటూ ఇటూ రాస్తే గరుకు తెలుస్తుంది. ముందు వైపు పెద్ద 20 అంకె మీద, బ్యాంకు పొడి అక్షరాల మీద కూడా ఆ గరుకు ఉంది.

ఆ గరుకు ఎలా పుడుతుందో చెప్పాలి. మామూలు అచ్చులో సిరా కాగితం మీద పలచగా పరుచుకుంటుంది. ఇంటాలియో అచ్చులో లోహపు పలక మీద బొమ్మను పల్లంగా చెక్కుతారు. సిరా పూసి పైభాగాన్ని తుడిచేస్తే గుంటల్లోనే సిరా మిగులుతుంది. దాని మీద కాగితం పెట్టి బరువైన స్థూపాలతో నొక్కితే కాగితం కొద్దిగా ఆ గుంటల్లోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. పలక మీది గుంట కాగితం మీద మిట్ట అవుతుంది. ఆ కాగితం మన కాగితం లాంటిది కాదు, పూర్తిగా పత్తి నారతో చేసింది. అందుకే చేతిలో నలిపితే గట్టిగా కరకరలాడుతుంది. ఎక్కువ చేతులు మారే 5, 10 నోట్లకు పైన పలుచటి పూత కూడా వేస్తారు.

నోటును వెలుతురుకు పట్టాను. ఏజినా సముద్రం మీది మధ్యాహ్నపు ఎండకంటే మంచి దీపం ఏముంటుంది? తెల్లటి ఖాళీ చోట ఒక స్త్రీ ముఖం తేలింది, గ్రీకు పురాణకథల్లోని యూరోపా. ఇది అచ్చు వేసింది కాదు. కాగితం తయారయ్యేటప్పుడే నారను ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పరిచి తెచ్చిన నీడ. నల్లటి దారం ఒకటి నోటుకు అడ్డంగా కాగితం పొట్టలో ఉంది. కుడి పక్కన వెండి పట్టీలో చిన్న కిటికీ ఉంది. వెలుతురుకు పట్టగానే అది గాజులా తేటపడి అందులోనూ అదే ముఖం కనిపించింది. నోటును కొద్దిగా వంచితే ఎడమ వైపు కింద ఉన్న ఆకుపచ్చ 20 అంకె మీద వెలుగు చార పైకీ కిందికీ పాకింది. తడమండి, వెలుతురుకు పట్టండి, వంచండి అని యూరోపియన్ కేంద్ర బ్యాంకు ప్రజలకు చెప్పే పరీక్షలు మూడే. ఏ పరికరమూ అక్కర్లేదు. పిస్తా అమ్మే పెద్దావిడ నోటు తీసుకుంటూ వేలితో ఒకసారి రాసి సొరుగులో వేసుకుంది. పరీక్ష అయిపోయింది.

ఈ నోట్ల మూల చిత్రాలు ఆస్ట్రియా జాతీయ బ్యాంకులో పనిచేసిన రాబర్ట్ కలినావి. 1996 పోటీలో ఆయన గెలిచాడు. 2002 జనవరి 1న నోట్లు జనం చేతికొచ్చాయి. ముందువైపు కిటికీలు, ద్వారాలు, వెనకవైపు వంతెనలు. ఒక్కో నోటు ఐరోపా వాస్తుశైలిలో ఒక యుగం. 20 నోటుది గోతిక్ యుగం, కోసుగా పైకి లేచే కిటికీలు, రంగు గాజు ఛాయలు. అయితే ఆ వంతెనల్లో ఒక్కటీ నిజంగా ఎక్కడా ఉండకూడదని నియమం. ఏ ఒక్క దేశానికీ పెద్దపీట వేసినట్టు కాకూడదు కదా. లేని వంతెనను నమ్మేలా గీయడం ఉన్నదాన్ని గీయడం కంటే కష్టం. రాయి బరువు ఎటు దిగుతుందో, కమాను ఎక్కడ ఆనుతుందో సరిగ్గా చూపించాలి. కలినా ఎంత సరిగ్గా గీశాడంటే నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్సె అనే ఊళ్లో ఆ ఏడు వంతెనల్నీ నిజంగానే కట్టేశారు. యూరోపా ముఖంతో వచ్చిన రెండో శ్రేణిని బెర్లిన్‌కు చెందిన రైన్‌హోల్డ్ గెర్‌స్టెటర్ దిద్దాడు. జర్మన్ మార్కు ఆఖరి నోట్లు గీసింది కూడా ఈయనే. ఆ శ్రేణిలో 20 నోటు 2015 నవంబరు 25న వచ్చింది. 100, 200 నోట్ల ఎత్తును ఈ శ్రేణిలో తగ్గించి 50 నోటుతో సమానం చేశారు. జేబు పర్సుల్లో, మిషన్ల దారుల్లో అవి చక్కగా ఇమడాలని.

నోటు మీద యూరో అన్న మాట గ్రీకు లిపిలోనూ ఉంటుంది. చివర ఒమేగాతో రాసి ‘ఎవ్రో’ అని చదువుతారు. నా నాలుగు నోట్లలో ఒకదాని సంఖ్య వై అక్షరంతో మొదలైంది. ఏథెన్స్ శివారు హలాండ్రిలో గ్రీసు కేంద్ర బ్యాంకు ముద్రణాలయంలో అచ్చయిందని దాని అర్థం. మిగతా మూడూ వేరే దేశాల్లో పుట్టి ఎక్కడెక్కడో తిరిగి ఈ దీవికి వచ్చినవి. వచ్చింది ఓడ మీదే. ఏజినాకు విమానాశ్రయం లేదు. గాలి బోఫోర్ట్ కొలతలో 8కి చేరితే ఓడలు ఆపేస్తారు. మారుమూల చిన్న దీవులకు వెళ్లేవాళ్లు అక్కడి ఒకే ఒక్క మిషన్‌ను నమ్ముకోకుండా ముందే రొక్కం తీసుకెళ్లమని చెప్పేది ఇందుకే.

నోటు వెనక ఐరోపా పటం ఉంది. నేను ఏజినా కోసం వెతికాను. లేదు. 400 చదరపు కిలోమీటర్లకు తక్కువైన దీవుల్ని ఇందులో చాలావరకు చూపించలేదు. కోట్ల సంఖ్యలో నోట్లు వేసే అచ్చులో అంత చిన్న ఆకారాలు సరిగ్గా దిగవని కేంద్ర బ్యాంకు చెప్పిన కారణం. ఏజినా 90 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. దీవిలోని మిషన్ ఇచ్చిన నోటు మీద దీవికి చోటు లేదు. దీనికి బాధపడాలో వద్దో ఆ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఎందుకంటే యూరోపాకు, ఏజినాకు దగ్గర చుట్టరికం ఉంది.

యూరోపా ఫినీషియా రాకుమార్తె. గ్రీకు దేవతల రాజు జ్యూస్ ఎద్దు రూపంలో వచ్చి ఆమెను వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటి క్రీటు దీవికి తీసుకుపోయాడు. ఏజినా అసోపోస్ నది కూతురు. ఆమెనూ జ్యూసే ఎత్తుకొచ్చి ఈ దీవిలో దింపాడు, దీవికి ఆమె పేరే వచ్చింది. యూరోపా కొడుకులు మినోస్, రాడమాంథిస్. ఏజినా కొడుకు ఐయకోస్. ఈ ముగ్గురు అన్నదమ్ములే పరలోకంలో చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే న్యాయమూర్తులయ్యారని గ్రీకుల నమ్మకం. నోటు మీది ముఖాన్ని దక్షిణ ఇటలీలో దొరికిన రెండు వేల ఏళ్లకు పైబడిన కుండ మీది బొమ్మ నుంచి తీసుకున్నారు, కుండ ఇప్పుడు లూవ్రు మ్యూజియంలో ఉంది. ఆమె పేరు ఖండానికి వచ్చింది. ఖండం పేరు యూరోపియం అనే మూలకానికి వచ్చింది. యూరో నోటును అతినీలలోహిత కాంతిలో పెడితే ఎర్రగా వెలిగేది ఆ యూరోపియమేనని 2002లో డచ్ రసాయన శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆమె పేరు నోటు సిరాలోకి తిరిగి వచ్చింది.

ఇక తాబేలు. గ్రీకు నేల మీద మొట్టమొదట నాణేలు కొట్టినవాళ్లలో ఏజినావాళ్లు ముందున్నారు, క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో. వాళ్ల నాణెం మీద సముద్రపు తాబేలు. వాటిని జనం తాబేళ్లు అనే పిలిచేవారు. అద్దం వెనక నేను చూసిన నాణెం (దాని పేరు స్టేటర్) సుమారు 12 గ్రాముల వెండి. మన పాత మందపాటి అయిదు రూపాయల నాణెం 9 గ్రాములు, అయినా వెడల్పులో అదే పెద్దది. తాబేలు నాణెం వెడల్పు తక్కువ, దళసరి ఎక్కువ. పొట్ట ఉబ్బిన గులకరాయిలా ఉంటుంది.

దాన్ని ఎలా చేశారో తలుచుకుంటే నోటును మళ్లీ తడమాలనిపిస్తుంది. పనివాడు గట్టి లోహపు దిమ్మలో తాబేలును తిరగేసి, పల్లంగా చెక్కాడు. దిమ్మను దాకలిలో బిగించాడు. తూకం సరిచూసిన వెండి బిళ్లను పటకారుతో పట్టి దాని మీద పెట్టి, పైన పోగరు ఆనించి సమ్మెటతో కొట్టాడు. గుంటలోకి వెండి దిగింది, తాబేలు మిట్టగా లేచింది. వెనకవైపు పోగరు కొస దిగబడి నాలుగు పలకల గుంట పడింది, అందులో ముక్కోణాల గీతలు. ఆ గుంటను దాచుకోలేదు, అందంగా చేశారు. బిళ్ల లోపలంతా వెండేనని చూపించే పని కూడా అదే చేసింది. తాబేలు వెన్ను పొడవునా చుక్కల వరస. ఇవతల రెండు ఈదురెక్కలు, అవతల రెండు, ముందుకు పొడుచుకొచ్చిన తల. కన్ను లేకున్నా వేలితో తడిమితే ఏజినా నాణెమని తెలిసిపోతుంది. గుంట తవ్వి మిట్టను పుట్టించే ఆ పనే ఇప్పటికీ ఇరవై యూరోల నోటు మీద జరుగుతోంది. వెండి పోయి పత్తి వచ్చింది, సమ్మెట పోయి స్థూపం వచ్చింది. పరీక్ష చేసేది మాత్రం అదే బొటనవేలు.

అద్దం వెనక కొన్ని తాబేళ్ల వీపుల మీద ఉలిగాట్లున్నాయి. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగారేమోనని ఏ దూరదేశపు వర్తకుడో కోసి చూసుకున్న గుర్తులు. మన పెద్దవాళ్లు వెండి రూపాయిని రాతి మీద మోగించి చూసేవారు. ఆ వర్తకులకు అంత ఓపిక లేదు. తాబేళ్లు ఎంత దూరం వెళ్లాయంటే పర్షియాలో పర్సెపొలిస్ రాజసభ పునాదుల కింద పాతిపెట్టిన నాణేల్లో కూడా దొరికాయి.

క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దం నడుమ ఏథెన్స్ ఏజినాను ఓడించి కప్పం కట్టించుకుంది. తర్వాత ఈ దీవి నాణెం మీద సముద్రపు తాబేలు పోయి నేల తాబేలు వచ్చింది. సముద్రం మీద అధికారం పోయిందని నాణెమే ఒప్పుకున్నట్టు చాలామంది చరిత్రకారులు చదువుతారు. పనితనం మాత్రం తగ్గలేదు. ఈ నేల తాబేలు డిప్ప మీద పదమూడు పలకలు ఒక్కొక్కటీ విడివిడిగా చెక్కారు. నిజం తాబేలుకూ డిప్ప మీద పెద్ద పలకలు పదమూడే. ఓడిపోయిన ఊళ్లో ఒక చెక్కుడు పనివాడు తాబేలును ముందు పెట్టుకుని పలకలు లెక్కపెట్టాడు. నాకు ఆ మ్యూజియంలో అన్నిటికంటే మనసుకు తగిలింది అది.

ఏజినాలో నాణేలు మళ్లీ పుట్టాయి, ఎన్నో శతాబ్దాల తర్వాత. స్వతంత్ర గ్రీసుకు మొదటి పాలకుడు ఇయోనిస్ కపోదిస్త్రియాస్ 1828 జనవరిలో ఇక్కడికొచ్చి దీవినే తాత్కాలిక రాజధాని చేసుకున్నాడు. మాల్టా నుంచి పాత యంత్రాలు కొని తెప్పించి ఇక్కడే టంకశాల పెట్టించాడు. కొత్త గ్రీసు మొదటి నాణెం ‘ఫీనిక్స్’ 1829లో ఆ టంకశాలలోంచి వచ్చింది. కొన్నేళ్లకే దాని చోటులోకి ద్రాక్మా వచ్చింది. ద్రాక్మా అంటే పాతకాలంలో ‘పిడికెడు’. ఇనప చువ్వలే డబ్బుగా చెల్లిన రోజుల్లో ఆరు చువ్వలు ఒక పిడికెడు. ఆ మాట మన దేశానికొచ్చి సంస్కృతంలో ద్రమ్మం అయింది, ఉత్తరాదిన దామ్ అయింది, చిన్న దామ్ దమ్‌డీ అయింది, మన నోట దమ్మిడీ అయింది. చేతిలో దమ్మిడీ లేదని మనం అన్నప్పుడల్లా ఆ గ్రీకు పిడికిలి ఖాళీగా ఉందని చెబుతున్నాం.

మళ్లీ బడ్డీ దగ్గరికి వస్తే, పెద్దావిడ ఇరవై నోటు తీసుకుని పొట్లంతో పాటు చిల్లర ఇచ్చింది. అందులో ఒక యూరో నాణెం మీద గుడ్లగూబ, ఏథెన్స్ పాత నాలుగు ద్రాక్మాల నాణెం నుంచి తీసుకున్న బొమ్మ. పక్కన ఇరవై సెంట్ల బిళ్ల. దాన్ని ఇక్కడ ఇరవై లెప్తా అంటారు, నాణెం మీద గ్రీకులో అలాగే రాసి ఉంటుంది. దాని మీద ఉన్నది కపోదిస్త్రియాస్ ముఖం. గ్రీసు యూరో నాణేల మీద గ్రీకు వైపు బొమ్మలు గీసిన గియోర్గోస్ స్టమటోపులోస్ ఏజినాను ఓడించిన ఊరి గుడ్లగూబకు చోటిచ్చాడు, ఏజినాలో టంకశాల పెట్టినవాడికీ చోటిచ్చాడు. తాబేలుకు ఏ నాణెం మీదా చోటు దొరకలేదు. దొరకాల్సింది. గ్రీకు నేల మీద నాణేల కథ మొదలైన రోజుల నుంచీ అది ఉంది కదా.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. మన దేశంలో 2020 నుంచి కొత్త కార్డులు విదేశాల్లో పనిచెయ్యకుండానే వస్తాయి. బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం తెరిచి, పరిమితి పెట్టుకోండి. మిషన్ తీసుకునే రుసుము ఎంతో తెర మీద చూసి, నచ్చకపోతే ఎర్రమీట నొక్కి ఇంకో మిషన్‌కు వెళ్లండి. రేవు చుట్టూ ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. మరో సంగతి, ఈ నోట్లు ఎక్కువ కాలం ఇలా ఉండవు. కొత్త శ్రేణి పని మొదలైంది. ఒక ప్రతిపాదనలో 5 యూరోల నోటు మీద గ్రీకు గాయని మరియా కల్లాస్, ఇంకో ప్రతిపాదనలో నదులు, పక్షులు. ఏది నెగ్గినా కొత్త నోట్ల మీద కలినా వంతెనలు ఉండవు. కాబట్టి ఇరవై నోటు చేతికి రాగానే మడిచి జేబులో పెట్టెయ్యకండి. రేవు గట్టు మీదికి నడిచి, అంచు గీతల్ని బొటనవేలితో ఒకసారి రాసి, సముద్రం వైపు ఎత్తి పట్టి చూడండి.